హైదరాబాదు–తిరుపతి రూటు ఎవరిది?

2015 జులై 12న హైదరాబాదులో బయల్దేరిన ప్రాంతీయ విమానసంస్థ ట్రూజెట్ తొలి ఫ్లైటు దిగింది మన తిరుపతి విమానాశ్రయం రేణిగుంటలోనే. 2022 ఫిబ్రవరిలో ఆ సంస్థ విమానాలు ఆగిపోయాయి. ఆరున్నరేళ్ళ కథ. దాని గురించి తిరుపతిలో ఎవర్ని కదిపినా రెండు మాటలు వినిపిస్తాయి. కరోనా దెబ్బకు పోయిందని ఒకటి, చిన్న ఊళ్ళలో విమానం ఎక్కేవాళ్ళు లేక పోయిందని ఇంకొకటి. కరోనా దెబ్బ అన్ని సంస్థలకూ తగిలింది, కానీ అన్నీ మూతపడలేదు. ఇక ఎక్కేవాళ్ళే లేకపోతే, ట్రూజెట్ ఆగిన రెండు నెలల్లోపే, 2022 మార్చి 27న, అది తిరిగిన కడపకే ఇండిగో ఎందుకొచ్చినట్టు?

చిన్న ఊళ్ళకు తిరిగే విమానసంస్థకు అన్నం పెట్టేది దాని చేతిలో ఉండే ఒకటో రెండో మంచి రూట్లు. ట్రూజెట్‌కు అలాంటి రూటు హైదరాబాదు–తిరుపతి. ప్రభుత్వం కడప రూటుకు వేరే సంస్థ రాకుండా మూడేళ్ళ రక్షణ ఇచ్చింది, తిరుపతి రూటును పోటీకి వదిలేసింది. రక్షణ పెట్టాల్సిన చోట పెట్టలేదన్నది నా వాదన. ఇది ట్రూజెట్ ఒక్కదానికే వర్తించే మాట కూడా కాదు. నలభై ఏళ్ళుగా ఇదే పొరపాటు రకరకాల పేర్లతో జరుగుతోంది.

మొదట వాయుదూత్. 1981 జనవరిలో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ చెరిసగం వాటాతో పెట్టిన అనుబంధ సంస్థ అది. ఈశాన్య రాష్ట్రాల కోసం మొదలై, 1980ల చివరికొచ్చేసరికి దేశమంతటా దాదాపు నూరు ఊళ్ళ దాకా అల్లుకుపోయింది. ముందు ఇండియన్ ఎయిర్‌లైన్స్ నుంచి వచ్చిన పాత ఫాకర్ ఫ్రెండ్‌షిప్‌లు నడిపింది, 1984 నుంచి డార్నియర్ 228లు తెచ్చుకుంది. డార్నియర్ గట్టి విమానమే, చిన్న రన్‌వే మీద కూడా దిగుతుంది. కానీ సీట్లు 19. ఇంజన్లు రెండు, పైలట్లు ఇద్దరు, గ్రౌండ్ సిబ్బంది, ఇంజనీరు, టవరు అన్నీ పెద్ద విమానానికి కావాల్సినట్టే కావాలి. ఆ ఖర్చంతా పంచుకునేది 19 మంది. పైగా క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి పదివేల అడుగుల చుట్టుపక్కలే ఎగరాలి. వానాకాలంలో మబ్బుల పైకి పోయే వీల్లేదు, వాటి మధ్యలోంచే పోవాలి. ఫ్లైట్లు రద్దవుతాయి, రద్దయ్యే కొద్దీ జనం నమ్మకం పోతుంది.

ఇంతకన్నా పెద్ద చిక్కు చట్టంలో ఉంది. 1953 నాటి ఎయిర్ కార్పొరేషన్ల చట్టం కింద దేశంలో రెగ్యులర్ సర్వీసుల హక్కు ఆ రెండు సంస్థలదే. ఢిల్లీ–బొంబాయి, మద్రాసు–హైదరాబాదు లాంటి డబ్బొచ్చే రూట్లు ఇండియన్ ఎయిర్‌లైన్స్ దగ్గరే ఉండిపోయాయి. వాయుదూత్‌కు ఎవరికీ అక్కర్లేనివి దక్కాయి. నష్టాలు పేరుకున్నాక 1993లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేయాలని నిర్ణయించారు. మరుసటి ఏడాదే చట్టం పోయి ఆకాశం ప్రైవేటుకు తెరుచుకుంది. 1994 మార్చిలో రూట్ డిస్పర్సల్ నిబంధనలొచ్చాయి. పెద్ద నగరాల మధ్య ఎంత సామర్థ్యం నడిపితే అందులో ఇంత శాతం ఈశాన్యం, కశ్మీరు, అండమాన్, లక్షద్వీప్ లాంటి చోట్లకు నడపాలి, ఇంత శాతం మిగతా రూట్లలో నడపాలి అని. ఆలోచన మంచిదే. కానీ ఆ మిగతా రూట్ల తరగతిలో దేశంలో మిగిలిన రూట్లన్నీ ఒకే గంపలో పడ్డాయి. కడప ఒక్కటే అనుకుంటున్నారా? కోయంబత్తూరు, విశాఖ లాంటి నిండుగా నడిచే ఊళ్ళ రూట్లు బోలెడు అందులోకే వస్తాయి. నిబంధన తీర్చుకోవడానికి కడప దాకా రావాల్సిన అవసరం ఎవరికుంది?

వాయుదూత్ నుంచి ట్రూజెట్‌కు వస్తే తల్లి సంస్థ తీరే మారిపోయింది. ట్రూజెట్ నడిపిన టర్బో మేఘా ఎయిర్‌వేస్ వెనక ఉన్నది మేఘా ఇంజనీరింగ్. పట్టిసీమ, కాళేశ్వరం లాంటి ఎత్తిపోతల పనులు చేసిన కంపెనీ. వాయుదూత్ తల్లులకు దేశమంతా రూట్లున్నాయి, పిల్లకు ఇవ్వలేదు. ట్రూజెట్ తల్లికి డబ్బుంది, ఇవ్వడానికి రూట్లు లేవు. ఈ తేడా తెలియాలంటే ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1996లో పెట్టిన అలయెన్స్ ఎయిర్‌ను చూడాలి. ఎయిర్ ఇండియా పేరు మీద నడిచినన్నాళ్ళు దుబాయి నుంచో సింగపూరు నుంచో వచ్చేవాళ్ళు ఒకే టికెట్టు మీద, సామాను మధ్యలో తీసుకోకుండా చిన్న ఊరి దాకా వచ్చే వీలుండేది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్ళాక అలయెన్స్ ఎయిర్ ప్రభుత్వం దగ్గరే మిగిలిపోయింది. సొంత టికెట్టు, సొంత కోడు, సొంత కష్టం. ఒంటరి చిన్న సంస్థకు అలా విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులే దక్కరు. రేణిగుంటలో దిగేవాళ్ళలో అలాంటి వాళ్ళు ఎందరుంటారో ఇక్కడ ట్యాక్సీ నడిపేవాళ్ళను అడిగితే చెప్తారు.

ఇప్పుడు విమానం లెక్కలోకి దిగుదాం. ట్రూజెట్ వాడింది ఏటీఆర్ 72-500. సుమారు 70 సీట్లు, రెండు టర్బోప్రాప్ (ప్రొపెల్లర్) ఇంజన్లు, గంటకు 500 కిలోమీటర్ల వేగం. హైదరాబాదు నుంచి మనకు గాలిలో సుమారు 420 కిలోమీటర్లు. జెట్ కన్నా ఏటీఆర్‌కు పావుగంట ఎక్కువ పడుతుందంతే. ఖర్చు వైపు రెండు వెసులుబాట్లున్నాయి. బరువు 40 వేల కిలోల లోపున్న విమానం కొనే ఇంధనం మీద అమ్మకపు పన్నుకు తక్కువ పరిమితి ఉంది, ఏటీఆర్ బరువు 23 వేల కిలోల లోపే. 80 సీట్ల లోపు విమానానికి మన విమానాశ్రయాల్లో ల్యాండింగ్ ఛార్జీ ఉండదు. ప్రాంతీయ సంస్థలన్నీ ఏటీఆర్ చుట్టూనే తిరగడానికి ఇవే కారణాలు.

విమానం అద్దె మాత్రం డాలర్లలో కట్టాలి. లెక్క తేలిగ్గా ఉండడానికి ఒక్కో విమానానికి నెలకు లక్ష డాలర్లు అనుకుందాం. 2015 మధ్యలో డాలరు 63 రూపాయల పైచిలుకు, 2022 మొదట్లో 75. అంటే అద్దె ఒక్క పైసా పెరగకపోయినా విమానానికి నెలకు పదకొండు లక్షల రూపాయలకు పైగా భారం పెరిగింది. ఇప్పుడు ఆ 75 లక్షలను ట్రిప్పుల మీద పంచండి. రోజుకు ఏడు ట్రిప్పుల చొప్పున నెలకు 210 తిరిగితే ట్రిప్పుకు సుమారు 36 వేలు. రోజుకు ఐదుకు పడిపోతే ట్రిప్పుకు 50 వేలు. సీట్లలో 50 నిండాయనుకుంటే ఒక్కో ప్రయాణికుడి మీద అద్దె 714 రూపాయల నుంచి వెయ్యికి పోతుంది. సీట్లు నిండాయా లేదా అన్నది అందరూ చూస్తారు. విమానం రోజుకు ఎన్ని గంటలు గాలిలో ఉందన్నది చూడరు. చిన్న సంస్థ ప్రాణం ఆ రెండో లెక్కలో ఉంది.

ఆ గంటలు ఎక్కడ జారిపోతాయో చూడాలంటే రేణిగుంటలో విమానాలు నిలిపే ఏప్రన్ మీద ఆగిన ఏటీఆర్ దగ్గరికి రావాలి. విమానం ఆగగానే తోక కింద ఒక ఊతకర్ర పెడతారు. ప్రయాణికులు వెనక తలుపు నుంచి దిగుతారు, సామాను గది ముందుంది, బరువు వెనక్కి పడితే ముక్కు లేవకుండా ఆ కర్ర ఆపుతుంది. జెట్లలో ఉండే చిన్న సహాయక ఇంజన్ ఏటీఆర్‌కు ఉండదు. దాని బదులు కుడి ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, ప్రొపెల్లర్‌ను మాత్రం ఒక బ్రేకు పట్టి కదలకుండా ఆపుతుంది. హోటల్ మోడ్ అంటారు. కరెంటు, చల్లగాలి రెండూ దాన్నుంచే. అన్నీ సవ్యంగా ఉంటే 25 నిమిషాల్లో విమానం మళ్ళీ రెక్క విప్పుతుంది.

ఆ ప్రొపెల్లర్ బ్రేకు పని చేయకపోతే విమానం ఎగరడానికి అడ్డేం లేదు. ఏ భాగం చెడితే ఎన్ని రోజులు నడపొచ్చో ప్రతి విమానానికీ ఒక లిస్టు ఉంటుంది. బి తరగతి లోపం 3 రోజుల్లో, సి తరగతిది 10 రోజుల్లో, డి తరగతిది 120 రోజుల్లో బాగు చేయాలి. కానీ బ్రేకు లేనప్పుడు కుడి ఇంజన్ ఆపాలి, బయటినుంచి కరెంటు బండి తగిలించాలి. అదే వేళకు ఇంకో విమానం కూడా వచ్చి ఉంటే బండి కోసం ఆగాలి. మే నెల మధ్యాహ్నం రేణిగుంటలో 42 డిగ్రీల ఎండ. క్యాబిన్ కొలిమిలా కాలిపోతుంటే ప్రయాణికుల్ని ముందే ఎక్కించలేరు. 25 నిమిషాల పని 50 అవుతుంది. ఆ రోజు అదే విమానం ఇంకా నాలుగు ట్రిప్పులు తిరగాలి. సాయంత్రానికి ఆలస్యం రెండు గంటలకు చేరుతుంది. పైలట్ల డ్యూటీ గంటలు అయిపోతే చివరి ట్రిప్పు రద్దు. అది చాలాసార్లు కడప లాంటి ఊరి ట్రిప్పే అవుతుంది, ఎందుకంటే రద్దు చేస్తే తక్కువ నష్టం దానిలోనే.

తిరుపతి ప్రయాణికుడికి ఆలస్యం అంటే మామూలు చిరాకుతో పోయేది కాదు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్టు మీద ఫలానా టైముకు రిపోర్టు చేయాలని ఉంటుంది. రేణిగుంట నుంచి కొండ మీదికి నలభై కిలోమీటర్ల దాకా ఉంది. అలిపిరి దగ్గర తనిఖీ, ఘాట్ రోడ్డు, కొండ మీద గది, తలనీలాలు అన్నీ కలిపితే మూడు గంటలు తక్కువ కాదు. ఫ్లైటు రెండు గంటలు లేటైతే నెలల ముందు బుక్ చేసుకున్న దర్శనం చేజారొచ్చు. ఒకసారి అలా జరిగిన కుటుంబం మళ్ళీ ఆ ఎయిర్‌లైన్ టికెట్టు కొనదు, వెయ్యి ఎక్కువైనా పెద్ద సంస్థదే కొంటుంది. లేదంటే నారాయణాద్రి ఎక్కుతుంది. 2023 ఏప్రిల్ నుంచి సికింద్రాబాదు–తిరుపతి వందేభారత్ కూడా ఉంది, ఎనిమిదిన్నర గంటల్లోపే దించేస్తుంది. ఈ రూటులో టికెట్టు ధర ఎంత ముఖ్యమో టైము అంతకన్నా ముఖ్యం.

టైము నిలబెట్టేది స్పేర్ విమానం. ఇక్కడే చిన్న సంస్థ చితికిపోతుంది. ఐదు విమానాల సంస్థ ఒకటి స్పేర్‌గా పెట్టుకుంటే అద్దెలో ఐదో వంతు ఊరికే నిలబడ్డట్టు. యాభై విమానాల సంస్థకు రెండు మూడు చాలు, ఇరవయ్యో వంతు దరిదాపు. ట్రూజెట్ దగ్గర విమానాలు ఎప్పుడూ పదికి చేరలేదు. స్పేర్ పెడితే డబ్బు పోతుంది, పెట్టకపోతే టైము పోతుంది. పెద్ద తనిఖీకి ఒకటి హ్యాంగర్లోకి వెళ్ళిందంటే వారాల తరబడి ఉన్నవాటితోనే సర్దుకోవాలి. దగ్గరి ట్రిప్పులతో ఇంకో తంటా. ఇంజన్ లోపలి డిస్కుల ఆయుష్షు గంటలతో పాటు ఎన్నిసార్లు లేచి దిగిందో ఆ లెక్కలో కూడా ఉంటుంది. నలభై నిమిషాల ట్రిప్పులు ఎక్కువ తిప్పిన కొద్దీ ఆ ఆయుష్షు త్వరగా కరుగుతుంది, దాని కోసం విమానం అద్దెకిచ్చిన లీజుదారుకు ట్రిప్పు ట్రిప్పుకూ డాలర్లలో కట్టే నిల్వ పెరుగుతుంది.

ఇవన్నీ తెలిసి కూడా చిన్న ఊళ్ళకు విమానాలు నడపడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం రూటును చూసింది, సంస్థను చూడలేదు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఉడాన్ తొలి ఫ్లైట్లు ప్రారంభించిన రోజే కడప–హైదరాబాదు, నాందేడ్–హైదరాబాదు ట్రూజెట్‌వి కూడా మొదలయ్యాయి. గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి సగం సీట్లకు మాత్రమే. లోటు పూడ్చడానికి ప్రభుత్వమిచ్చే సాయం, వీజీఎఫ్, మూడేళ్ళు. ఆ రూటులో వేరే సంస్థ రాకుండా రక్షణ కూడా మూడేళ్ళు. కడపకు అప్పటికే ఒక దెబ్బ తగిలి ఉంది. 2015 జూన్ 7న కడప విమానాశ్రయం మళ్ళీ తెరిచినప్పుడు వచ్చింది బెంగుళూరుకు చెందిన ఎయిర్ పెగాసస్. అదీ అనుబంధ సంస్థే, డెకార్ ఏవియేషన్ పెట్టినది. మూడే మూడు ఏటీఆర్‌లు. లీజు బాకీల గొడవలో 2016 జులైలో ఆగిపోయింది. మూడు విమానాల్లో ఒకటి ఆగితే షెడ్యూలులో మూడో వంతు పోయినట్టే.

కడప రూటును కాపాడిన కాలంలోనే తిరుపతి రూటులో ఏం జరిగిందో చూడండి. ఈ రూటులో స్పైస్‌జెట్ క్యూ400 టర్బోప్రాప్‌లతో అంతకుముందు నుంచే ఉంది. 2017 చివర్లో ఇండిగో ఏటీఆర్‌లు దించింది, ఆ వరసలోనే తిరుపతికీ వచ్చింది. 50 ఏటీఆర్‌ల ఆర్డరు, కొత్త 72-600లు. సాయంకాలం ఒక విమానం ఆగితే హైదరాబాదులో ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. ఇండిగో తప్పు చేసిందని నేననను, తలుపు తెరిచి ఉన్న ఇంట్లోకి వచ్చింది. కానీ ట్రూజెట్ కడపకు, నాందేడుకు వేసే ట్రిప్పుల ఖర్చు మోయాల్సిన మిగులు ఈ రూటులోనే పుట్టాలి. పోటీలో ధర దిగగానే ఆ మిగులు తగ్గుతుంది. ఏటీఆర్ నడిపే అనుభవమున్న కెప్టెన్లకు కూడా గిరాకీ పెరిగింది. 2017లోనే కెప్టెన్ల రాజీనామా నోటీసు గడువును ఏడాదికి పెంచాల్సి వచ్చిందంటే వలస ఏ స్థాయిలో ఉందో ఊహించుకోవచ్చు.

వేరే దారి తొక్కినవాళ్ళూ ఉన్నారు. విజయవాడ లింగమనేని వారి ఎల్ఈపీఎల్ గ్రూపు ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో మొదలై ఎంబ్రాయర్ జెట్లు నడిపింది. ఈ170లో 67 సీట్లు, బరువు 40 వేల కిలోల లోపు. తెలివైన ఎంపిక, వెసులుబాట్లు రెండూ దక్కుతాయి. దాని పక్కనే 112 సీట్ల ఈ190 తెచ్చారు, దానికి ఆ రెండూ లేవు. 2014లో ఏకంగా 50 కొత్త జెట్లకు ఆర్డరిచ్చారు. 2017 ఫిబ్రవరి చివరికి మూతపడింది.

మూడేళ్ళ గడువు లెక్కన కడప ఉడాన్ ఒప్పందం 2020 ఏప్రిల్‌కు నిండాలి. అప్పటికి దేశంలో విమానాలన్నీ నేల మీదున్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. మే చివర్లో తెరిచాక కూడా మొదట మూడో వంతు ఫ్లైట్లకే అనుమతి. పెద్ద సంస్థ చేతిలో నగదుంది, చిన్నదాని చేతిలో లీజు నోటీసులున్నాయి. అద్దె కట్టలేని సంస్థ విమానాన్ని రిజిస్టరు నుంచి తీసేయమని లీజుదారు అధికారపత్రం చూపిస్తే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఐదు పనిదినాల్లో తీసేయాలి, 2015 నుంచి అదే నిబంధన. లీజుదారులకు ఆ భరోసా ఉండాల్సిందే, లేకపోతే చిన్నవాళ్ళకు విమానం అద్దెకే దొరకదు. కాకపోతే అలా వెళ్ళిపోయిన విమానం మళ్ళీ రాదు.

ఇదంతా ఒక సంస్థ దురదృష్టం అనుకునేవాళ్ళు 2023లో వచ్చిన కాగ్ నివేదిక చూడాలి. ఉడాన్ మూడో విడత దాకా ఇచ్చిన రూట్లు 774. మొదలైనవి 371. మూడేళ్ళు పూర్తి చేసినవి 112. సాయం ఆగాక 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ఇన్ని రూట్లు ఇన్ని ఊళ్ళలో పడిపోతే లోపం ఊళ్ళలో ఉందనుకోవడం అన్యాయం.

నేను కోరేది రూట్లను జతగా వేలం వేయమని. హైదరాబాదు–తిరుపతిలో ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, మంచి టైము ఉన్న స్లాట్లు కడప రూటుతో కలిపి ఐదేళ్ళకు ఒకే సంస్థకు ఇవ్వాలి. కడప ట్రిప్పు నెలలో ఇన్ని శాతానికి మించి రద్దయితే తిరుపతి స్లాటు పోతుంది. వీజీఎఫ్‌ను సీట్ల మీద కొలిచే బదులు అందులో కొంత భాగం స్పేర్ విమానం అద్దెకు కట్టాలి, ఆ విమానం నిజంగా సిద్ధంగా ఉందో లేదో లాగ్‌బుక్ చూసి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది: యాత్రికుడి జేబుకు చిల్లు పెట్టి కడప వాళ్ళను ఎక్కిస్తారా అని. నేను తిరుపతి రూటు మొత్తం ఒకరికి రాసివ్వమనడం లేదు. రోజంతా పోటీ ఉండొచ్చు, ఆ రెండు స్లాట్లు తప్ప. యాత్రికులకు ధర పెరిగితే పదీ పరకా పెరుగుతుంది. రాష్ట్రం ఎలాగూ కడపకు డబ్బు కట్టింది, 2022లో ఇండిగో వచ్చింది రాష్ట్రం వీజీఎఫ్ ఒప్పందంతోనే. ఆ డబ్బు మన పన్నుల్లోంచి పోయిందే, కనిపించదంతే.

రేణిగుంటలో చేయాల్సిన పని కూడా ఉంది. 2015 అక్టోబరు 22న ప్రారంభించిన గరుడ టెర్మినల్ అందంగా ఉంది. కానీ ప్రాంతీయ సంస్థకు టెర్మినల్ కన్నా అవసరమైనవి రాత్రి ఆపుకోవడానికి చోటు, ఒక ఏటీఆర్ పట్టే హ్యాంగరు, రాత్రిపూట సంతకం చేసే లైసెన్సున్న ఇంజనీరు, అరలో ప్రొపెల్లర్ బ్రేకు, స్టార్టర్ జనరేటర్, నాలుగు టైర్లు, రెండు కరెంటు బండ్లు. రాత్రి ఇక్కడే నిద్రపోయిన విమానం ఉదయం ఆరింటికి హైదరాబాదుకు పోతుంది, అక్కడి నుంచి మొదటి యాత్రికులను తొమ్మిది లోపు దించుతుంది, పొరపాటున లోపం ఉంటే రాత్రే దొరుకుతుంది. కొత్త రూటు ప్రకటించినప్పుడల్లా మన ఎంపీలు, ఎమ్మెల్యేలు శాలువాలతో రేణిగుంటకు వస్తుంటారు. ఈసారి వచ్చినప్పుడు ఆ సంస్థకు స్పేర్ విమానం ఎక్కడుంది, రాత్రి ఇంజనీరు ఎక్కడుంటాడు అని అడిగి, జవాబు ఒప్పందంలో రాయించుకోవాలి.